సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్: మైలేజీ ఎందుకు మారుతోంది, లో రేంజ్ ఎప్పుడు వేయాలి?

విశాఖలో పాత జిప్సీనో, థార్‌నో, జిమ్నీనో, అంటే నాలుగు చక్రాలూ లాగగల ఫోర్ బై ఫోర్ బండిని, కొన్నవాళ్లకు మొదటి నెలలోనే ఒక అనుమానం మొదలవుతుంది. అమ్మినాయన లీటరుకు 14 వస్తుందన్నాడు. ఒక వారం 13 వచ్చింది, మరుసటి వారం 10 దాటలేదు. బండిలో ఏదో లోపం దాచి అంటగట్టాడా? అలా జరిగి ఉండవచ్చు కూడా. కానీ చాలాసార్లు బండి బాగానే ఉంటుంది, ఆ రెండు వారాలూ తిరిగిన రోడ్లే వేరు. ఏ రోడ్డు మీద ఎంత తాగడం ఈ బండికి సహజమో తెలిస్తేనే అసహజమైనది కంటపడుతుంది. అది తెలియకుండా మెకానిక్ దగ్గరికి పరుగెత్తితే ప్లగ్గులు, సెన్సర్లు, ఇంజెక్టర్లు ఒకటి తర్వాత ఒకటి మార్పిస్తూ పోతారు.

గేర్ రాడ్ పక్కన ఉండే, నాలుగు చక్రాల లాగుడును, లో రేంజ్‌ను వేసే రెండో లివర్ విషయమూ ఇంతే. కొందరు భయపడి దాని జోలికే వెళ్లరు. కొందరు తారు రోడ్డు మీద వేసి చూస్తారు. రెండూ బండికి మంచివి కావు. అందుకే ఈ రెండు విషయాలనూ కలిపి చెబుతున్నాను.

ముందు కొలత సరిచేసుకోండి

డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటును కొన్నాళ్లు పట్టించుకోకండి. అది కంప్యూటర్ వేసుకునే అంచనా. బంకులో పోయించిన లీటర్లే నమ్మదగిన లెక్క.

ట్యాంకు నింపించండి. గన్ దానంతటది ఆగగానే ఆపమనండి, ఆ తర్వాత పైపైన పోయించవద్దు. ట్రిప్ మీటర్‌ను సున్నా చేయండి. ట్యాంకు ముప్పాతిక వంతు ఖాళీ అయ్యేదాకా తిరగండి. మళ్లీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, బండిని అదే వైపుకు నిలిపి మొదటిసారి లాగే నింపించండి. తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా వరుసగా మూడు ట్యాంకులు చూశాకే ఒక అభిప్రాయానికి రండి.

ట్యాంకు బాగా ఖాళీ కావాలని ఎందుకు అంటున్నానంటే, గన్ ఆగే చోటు ప్రతిసారీ కొద్దిగా మారుతుంది. అర లీటరు తేడా వచ్చిందనుకుందాం. 28 లీటర్లు పోయించినప్పుడు అది 2 శాతం కూడా కాదు. 5 లీటర్లే పోయించినప్పుడు అదే అర లీటరు 10 శాతం తప్పు. ఐదు వందలకో, వెయ్యికో కొట్టించుకుని, ముల్లు ఎక్కడుందో చూసి లెక్క వేసేవాళ్లకు ప్రతివారం కొత్త అంకె రావడానికి కారణం ఇదే.

ఒక చిన్న పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో ఉంచండి. తేదీ, కిలోమీటర్లు, లీటర్లతో పాటు అసలు విలువైన సమాచారం ఇంకొకటి రాయాలి. ఎక్కడ తిరిగారు? ఇలా రాస్తే చాలు: "342 కి.మీ., 29.5 లీ. ఎక్కువగా గాజువాక ఆఫీసు రోడ్డే. ఏసీ పూర్తిగా. ఒక్కడినే. టూ హై (వెనక చక్రాల లాగుడే)." ఘాట్ ఎక్కారా, ఎందరు కూర్చున్నారు, పైన క్యారియర్ మీద సామాను ఉందా, ఫోర్ వీల్ వేశారా అన్నవి రాయకపోతే ఆ అంకెకు అర్థం ఉండదు.

రోడ్డును బట్టి అంకెను చదవండి

మన ఊరి చుట్టూ బండికి మూడు రకాల పరీక్షలు ఎదురవుతాయి. ఆ మూడింటికీ మూడు వేర్వేరు అంకెలు ఉండాలి.

మొదటిది ఊరి లోపలి తిరుగుడు. మద్దిలపాలెం నుంచి ఎన్ఏడీ కూడలి మీదుగా గాజువాక వెళ్లే ఉద్యోగిని తీసుకోండి. సిగ్నళ్లు, బస్సులు, లారీల వెనక ఆగుతూ వెళ్లడం, సముద్రపు ఉక్కపోతకు ఏసీ తప్పకపోవడం. 1,500 సీసీ పెట్రోలు ఇంజన్ ఏసీతో నిలబడి ఉంటే గంటకు లీటరుకు అటూ ఇటూగా తాగుతుంది. రోజూ 20 కిలోమీటర్ల ప్రయాణంలో 20 నిమిషాలు నిలబడే ఉన్నారంటే, మూడో వంతు లీటరు కదలకుండానే పోయింది. ఖాళీ రోడ్డు మీద లీటరుకు 14 ఇచ్చే బండి ఈ ఒక్క కారణంతో 11.4కు పడిపోతుంది. ఆగిన ప్రతిసారీ మళ్లీ వేగం అందుకోవడానికి పట్టేది దీనికి అదనం. పది నిమిషాల్లో ముగిసే చిన్న ప్రయాణాలైతే ఇంజన్ వేడెక్కేలోపే ఇల్లు చేరతారు కాబట్టి ఇంకా తగ్గుతుంది.

రెండోది జాతీయ రహదారి. ఆనందపురం నుంచి అనకాపల్లి వైపు ఆరు వరుసల రోడ్డు మీద మంచి అంకె రావాలి, కానీ అది మీ కుడికాలు చేతిలో ఉంది. ఈ బండ్లు పెట్టెల్లా నిటారుగా ఉంటాయి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది; 80 నుంచి 100కు వెళ్లగానే ఆ నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. హైవే మీద కూడా మైలేజీ రావడం లేదని బాధపడేవారు ఒక ట్యాంకు మొత్తం 80 దాటకుండా నడిపి చూడాలి. అప్పటికీ రాకపోతే అప్పుడు అనుమానించవచ్చు.

మూడోది ఘాట్. ఎక్కువ అపార్థం ఇక్కడే పుడుతుంది కాబట్టి కాస్త లెక్క వేద్దాం. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. బొడ్డవర దాటాక మొదలయ్యే రోడ్డు అనంతగిరి మీదుగా ఎక్కి, గాలికొండ దగ్గర అంతకంటే పైకి వెళ్లి, మళ్లీ కొంత దిగుతుంది. మనుషులు, సామానుతో కలిపి 1,500 కిలోల బండిని 900 మీటర్లు పైకి చేర్చడానికి 13 మెగాజౌళ్లకు పైగా శక్తి కావాలి. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్లు ఉంటాయి, అందులో చక్రాలకు అందేది నాలుగో వంతు అనుకుంటే 8. అంటే ఆ ఎత్తు ఎక్కడానికే లీటరున్నర పైచిలుకు అదనంగా ఖర్చవుతుంది. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. చదునుగా ఉండి ఉంటే 14 చొప్పున 8.2 లీటర్లు సరిపోయేవి, ఎత్తుతో కలిపితే దాదాపు 9.8 అవుతాయి. లీటరుకు 11.7. బండి చెడిపోలేదు, కొండ ఎక్కింది.

దిగేటప్పుడు అందులో కొంత తిరిగి వస్తుంది. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ నుంచి కాలు తీస్తే ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో దిగితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో ఘాట్ దిగేవారిని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. ఆదా లేదు సరికదా, బ్రేకులు కాలి పట్టు తప్పే ప్రమాదం ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఇంకో మాట: వెళ్లినప్పటి అంకె ఒక్కటే చూసినా, వచ్చినప్పటిది ఒక్కటే చూసినా మోసపోతారు. ఘాట్ లెక్క ఎప్పుడూ రానూపోనూ కలిపి వేయాలి.

టైర్లు, పెట్రోలు: మీటరు చెప్పని తేడాలు

పాత బండి కొన్నప్పుడు టైరు పక్కన రాసిన సైజును డ్రైవర్ తలుపు స్తంభం మీది స్టిక్కర్‌తో పోల్చండి. ఫోర్ బై ఫోర్ కొన్న కుర్రాళ్లలో చాలామంది ముందుగా మార్చేది టైర్లే. జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15. దాని స్థానంలో 235/75 ఆర్15 వేసి ఉంటే చక్రం వ్యాసం దాదాపు 6 శాతం పెరిగింది. మీటరు 100 చూపినప్పుడు బండి నిజంగా నడిచింది 106. మీరు 12 అని లెక్క కట్టింది నిజానికి 12.7. అయితే బరువైన, గరుకైన ఆ టైర్లను తిప్పడానికి నిజంగానే ఎక్కువ పెట్రోలు పడుతుంది. ఈ రెండూ కలిసిపోయి మీ పుస్తకంలో ఒకే అంకెగా కనిపిస్తాయి. ఫోనులో జీపీఎస్ పెట్టుకుని హైవే మీద కిలోమీటరు రాళ్ల మధ్య ఒకసారి సరిచూసుకుంటే మీటరు ఎంత తప్పుతోందో తేలుతుంది.

ఇక పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో సాధారణంగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుతో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి స్వచ్ఛమైన పెట్రోలు లీటరుతో పోల్చితే మీ లీటరులో శక్తి 6 నుంచి 7 శాతం తగ్గినట్టే. పదేళ్ల కిందటి యజమాని "14 వచ్చేది" అంటే అది అబద్ధమే కానక్కరలేదు. పాత జిప్సీలకు దీనితో పాటు ఇంధనపు గొట్టాలు, రబ్బరు సీళ్లు కూడా చూపించుకోవడం మంచిది. ఇథనాల్ కోసం తయారు కాని రబ్బరు పాడవుతుంది.

రెండో లివర్ ఏం చేస్తుంది?

గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టెను ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. రెండో లివర్ దానిదే. టూ హైలో వెనక చక్రాలే లాగుతాయి. ఫోర్ హైలో నాలుగూ లాగుతాయి, గేర్ల వేగం మాత్రం మారదు. 'ఫోర్ లో', అంటే లో రేంజ్, వేస్తే మధ్యలో ఇంకో జత పళ్ల చక్రాలు చేరి, ప్రతి గేర్‌నూ మరింత నెమ్మదిగా, మరింత బలంగా మారుస్తాయి.

ఎంత మారుస్తాయన్నది బండిని బట్టి ఉంటుంది. జిమ్నీలో వేగం సగమై చక్రాల దగ్గర బలం రెట్టింపవుతుంది. థార్‌లో తేడా దాదాపు రెండున్నర రెట్లు. జిప్సీ సంగతి వేరు: దానికి హై రేంజ్‌లోనే 1.4 రెట్ల తగ్గింపు ఉంది, లోలో 2.27. అంటే హైకి, లోకు మధ్య తేడా 1.6 రెట్లే. జిప్సీ హైవే మీద గోల చేస్తూ ఎక్కువ తాగడానికి ఈ గేర్ల అమరిక కూడా ఒక కారణం. దాన్ని లోపంగా భావించి ఇంజన్ విప్పించకండి.

లో రేంజ్ వేస్తే పెట్రోలు ఏరులా పారుతుందని ఒక నమ్మకం ఉంది. కిలోమీటర్ల లెక్కన చూస్తే నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే ఇంజన్ అన్నే చుట్లు తిరిగినా బండి సగం దూరమే వెళుతుంది. కానీ లో రేంజ్ వేయాల్సిన చోట కిలోమీటర్ల లెక్కే పనికిరాదు. నిటారు మట్టి దారిలో గంటకు 5 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే హై రేంజ్ మొదటి గేర్ కూడా ఎక్కువే. అప్పుడు హాఫ్ క్లచ్‌తో ఈడ్చాలి. పెట్రోలు మిగలదు, పైగా క్లచ్ ప్లేటు కాలుతుంది. ఆ అర కిలోమీటరుకు అదనంగా పోయే పెట్రోలు ఖరీదుకు, క్లచ్ మార్పించే ఖర్చుకు పోలికే లేదు. నా అభిప్రాయంలో పాత ఫోర్ బై ఫోర్‌లను అకాలంగా ముసలివి చేసేది లో రేంజ్ వాడకం కాదు, వాడాల్సిన చోట వాడకపోవడం.

లో రేంజ్ వేసి చూడండి

కొనకముందే చూడగలిగితే మంచిది. కొన్నాక అయినా మొదటి వారంలో తప్పక చూడండి.

చోటు ఎంచుకోవడంలో జాగ్రత్త. తారు, సిమెంటు రోడ్డు వద్దు. ఈ బండ్లలో నాలుగు చక్రాలూ లాగేటప్పుడు ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరగాలి; మలుపులో మాత్రం ముందు చక్రాలు ఎక్కువ దూరం వెళ్లాలి. మట్టిలో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు, ఆ బిగువంతా షాఫ్టుల్లో చేరుతుంది. స్టీరింగ్ బరువెక్కి, బండి వెనక్కి లాగుతున్నట్టుంటుంది, చివరకు లివర్ కూడా రాదు.

ఇసుక ఉంది కదా అని బీచ్‌లోకి దింపకండి. మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, బండి చక్రం కింద అవి నలిగిపోతాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు అసలే వద్దు. అది జాతీయ భూవారసత్వ సంపద, చక్రాల జాడకు ఆ మట్టి కరిగిపోతుంది. ఊరి శివార్లలో తెలిసినవారి తోట దారో, ఇంకా రోడ్డు పడని లేఅవుటో అడిగి వాడుకోండి.

బండిని పూర్తిగా ఆపండి. చక్రాలు తిన్నగా ఉంచండి. క్లచ్ నొక్కి గేర్ న్యూట్రల్‌కు తెండి. లివర్‌ను 'ఫోర్ లో' స్థానానికి, కొన్నింటిలో కిందికి అదిమి, తీసుకెళ్లండి. బిగుసుకుంటే బలవంతం చేయవద్దు. క్లచ్ ఒకసారి వదిలి మళ్లీ నొక్కండి, లేదా బండిని అడుగు దూరం కదిలించి ప్రయత్నించండి. డ్యాష్‌బోర్డు మీద దీపం మినుకుమనకుండా నిలకడగా వెలిగాకే గేర్ వేయండి. రెండో గేర్‌లోనే కదలండి, అక్కడ మొదటి గేర్ అవసరం పడదు.

ఇప్పుడు అసలు పరీక్ష. రెండో గేర్‌లో ఇంజన్‌ను నిమిషానికి 2,000 చుట్ల దగ్గర నిలకడగా ఉంచి వేగం చూడండి. అంతకుముందు హైలో అదే గేర్, అవే చుట్లతో వచ్చిన వేగాన్ని రాసుకుని ఉంటారు కదా. జిమ్నీ అయితే సగానికి, థార్ అయితే అయిదింట రెండు వంతులకు, జిప్సీ అయితే అయిదింట మూడు వంతులకు కాస్త పైన రావాలి. వేగం మారకపోతే లో రేంజ్ పడలేదు. పడినా గరగరమంటూ వదిలేస్తుంటే ట్రాన్స్‌ఫర్ కేస్ అరిగింది, బేరం అక్కడ మొదలుపెట్టండి.

పని అయ్యాక మళ్లీ ఆగి టూ హైకి తెండి. లివర్ రాకపోతే తిన్నగా నాలుగు మీటర్లు వెనక్కి నడపండి, బిగువు వదులుతుంది.

ఘాట్ తారు రోడ్డుకు లో రేంజ్ అక్కరలేదు. అనంతగిరి అయినా, పాడేరు ఘాట్ అయినా టూ హైలో రెండు, మూడు గేర్లు చాలు. తారు ముగిసి, వానకు కోసుకుపోయిన మట్టి దారి మొదలైన చోట, రాళ్ల గెడ్డ (వాగు) దాటాల్సిన చోట, ఏటవాలు బురదలో దిగాల్సిన చోట అది వేయాలి. దిగేటప్పుడు ఫోర్ లో మొదటి గేర్‌లో కాళ్లు రెండూ పెడళ్ల మీది నుంచి తీసి చూడండి. బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది, నడక వేగంతో దించుతుంది. బురదలో బ్రేకు తొక్కితే చక్రం జారుతుంది కాబట్టి ఇదే క్షేమం.

ఇప్పుడు లోపాలు వెతకండి

మూడు ట్యాంకుల లెక్క, రోడ్డు వివరం, టైరు సైజు చూశాక కూడా అంకె తక్కువగానే ఉంటే చవకైన వాటి నుంచి మొదలుపెట్టండి. గాలి ఉదయాన్నే, టైర్లు చల్లగా ఉండగా పట్టించండి. ఏజెన్సీ కొండ ప్రాంతంలో తిరిగిన బండి అయితే ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, ఎర్ర దుమ్ము పేరుకుని ఉంటుంది.

తర్వాత బ్రేకులు. విశాఖలో దీనికి నేను అన్నిటికంటే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వంటి చోట్ల ఆరుబయట నిలిపే బండికి ఉప్పుగాలి రోజూ తగులుతుంది. హ్యాండ్‌బ్రేక్ తీగ తుప్పు పట్టి సగమే వదులుతుంది, బ్రేక్ క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోతాయి. బండి మాత్రం మామూలుగానే నడుస్తున్నట్టు ఉంటుంది. పావుగంట నడిపి, చివర్లో బ్రేకు ఎక్కువ తొక్కకుండా మెల్లగా ఆపి, ఒక్కో చక్రం దగ్గర అరచేతిని రిమ్ముకు తాకించకుండా అంగుళం దూరంలో పట్టండి. మూడు చక్రాలు గోరువెచ్చగా ఉండి నాలుగోది సెగ కొడుతుంటే, కాలిన వాసన వస్తుంటే దొంగ దొరికినట్టే. చదునైన చోట న్యూట్రల్‌లో ఇద్దరు తోస్తే బండి తేలిగ్గా దొర్లాలి. సముద్రానికి దగ్గరగా ఉండేవారు చదును నేల మీద రాత్రంతా హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచకుండా, గేర్‌లో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టడం మేలు.

ముందు చక్రాలకు హబ్ లాకులు (చక్రాన్ని షాఫ్టుతో కలిపి, విడదీసేవి) ఉండే బండ్లలో అవి విడవకుండా ఉండిపోతే టూ హైలో కూడా ముందు షాఫ్టులన్నీ ఊరికే తిరుగుతుంటాయి. చేత్తో తిప్పే పాతరకమైతే రెండు వైపులా 'ఫ్రీ' అన్న గుర్తు మీద ఉన్నాయో లేదో చూడండి. తమంతట పడే రకమైతే మెకానిక్ షెడ్డులో ముందు భాగం లేపి, స్టాండ్ల మీద నిలిపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పించండి. టూ హైలో చక్రంతో పాటు లోపలి షాఫ్ట్ తిరిగితే హబ్ విడవలేదని అర్థం.

క్లచ్ జారుతోందేమో కూడా చూడాలి. నాలుగో గేర్‌లో 40 దగ్గర ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కండి. చుట్లు పెరిగి వేగం వెనకబడితే క్లచ్ అయిపోవచ్చింది. హైవే మీద కూడా ఇంజన్ వేడి ముల్లు మధ్యకు రాకపోతే ఇంజన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందని అనుమానించాలి. ఇంజన్ చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది. ఆక్సిజన్ సెన్సర్ వంటివి స్కానర్ పెట్టి చూడకుండా మార్పించకండి.

గెడ్డలు దాటిన బండ్లకు ఇంకో పరీక్ష ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు వెనక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య ఉండే పళ్ల చక్రాల పెట్టె) నూనెలను దించి చూడమనండి. నూనె పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, వెంటనే మార్పించాలి. అలా వదిలేస్తే మైలేజీ సంగతి అటుంచి బేరింగులే పోతాయి.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు "మైలేజీ రావడం లేదు" అని మాత్రం చెప్పకండి. పుస్తకం తెరిచి చూపించండి: "హైవే మీద 80లో కూడా 10 దాటడం లేదు, గాలి సరిగా ఉంది, టైర్లు కంపెనీ సైజువే, ఎడమ వెనక చక్రం కాలుతోంది." అతను ముందుగా విప్పేది ఆ చక్రమే అవుతుంది.